పాత కారుకు కొత్త పెయింట్: రేకు దాకా గీకాలా, పైపైన రుద్దితే చాలా?

పాత కారుకు పెయింట్ వేయించడానికి వచ్చినవాళ్లు షాపులో మొదట అడిగేది "ఏ కలర్ అయితే బాగుంటుంది?" అని. తర్వాత "ఎన్ని రోజులు పడుతుంది?" అని. ఈ రెండిటికీ జవాబు చెప్పేముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ బండి మీద ఇప్పటికే ఏమేం ఉన్నాయి? ఇరవై ముప్పై ఏళ్లు తిరిగిన బండి మీద కంపెనీ పెయింట్ ఒక్కటే ఉంటుందనుకోవద్దు. ఎప్పుడో ఎవరో వేసిన టచప్, దాని కింద లప్పం, ఆ లప్పం కింద తుప్పు కూడా ఉండొచ్చు. మీరు ఎంత మంచి కంపెనీ పెయింట్ తెచ్చినా అది నిలబడాల్సింది వీటి మీదే. కింద పొర వదిలేసిందంటే పైదీ దాంతో పాటే లేచిపోతుంది.

అందుకే ఈ మార్గదర్శిలో స్ప్రే గన్ చేతికొచ్చే సరికి సగం పైనే అయిపోతుంది. షాపులోనూ అంతే. గన్ పట్టుకునేది కాసేపు, మిగతా పనంతా కడగడం, విప్పడం, గీకడం, రుద్దడం, మూయడం.

1. బండి మీద ఏముందో తెలుసుకోవడం

బండిని షాంపూతో శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. దుమ్ము మీద ఏ పరీక్షా సరిగ్గా రాదు. పొడవాటి ట్యూబ్‌లైటు దగ్గర నిలబెట్టి, తల రేకు ఎత్తుకి దించి, ఏటవాలుగా చూడండి. లైటు గీత నిటారుగా సాగితే రేకు బాగున్నట్టు. ఎక్కడ వంకర తిరిగిందో అక్కడ సొట్టో, పాత లప్పమో ఉంటుంది. అలాంటి చోటల్లా సుద్దతో గుర్తు పెట్టుకోండి.

తర్వాత పలుచటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం తీసుకుని బాడీ అంతా నడిపించండి. పట్టు సడలిన చోట లప్పం మందంగా ఉంది. అల్యూమినియం, ఫైబర్ భాగాలకు అది ఎలాగూ అంటుకోదు, కంగారు పడొద్దు. మందం కొలిచే మీటర్ ఉంటే పని ఇంకా తేలిక. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. 250, 300 చూపిస్తే మళ్లీ పెయింట్ పడినట్టే. 1000 దాటిందంటే కింద లప్పం ఉందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ప్రతి ప్యానెల్ మీదా ఒక్కచోట కాదు, ఐదారు చోట్ల కొలవండి.

తుప్పు కోసం వెతకాల్సిన చోట్లు దాదాపు అన్ని బండ్లకూ ఒకటే: అద్దాల రబ్బరు బీడింగ్ కింద, తలుపుల అడుగు అంచు, చక్రాల మీది వంపు లోపలి పెదవి, తలుపుల కింద ఉండే సిల్, బ్యాటరీ కూర్చునే ట్రే, డిక్కీలో మ్యాట్ కింద. పెయింట్ మీద చిన్న పొక్కు కనిపిస్తే దాన్ని స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. మొన దిగిపోయిందంటే అక్కడ రేకు మిగల్లేదు. పైన గోరంత పొక్కు ఉందంటే లోపల అరచేయంత తినేసి ఉండటం మామూలే.

ఇక అసలు పరీక్ష. పాత పెయింట్ ఏ జాతిదో తెలియాలి. డిక్కీ మూత లోపలి వైపో, బానెట్ కిందో, కంటికి కనపడని చోటు ఎంచుకోండి. తెల్లటి కాటన్ గుడ్డను లాకర్ థిన్నర్‌లో తడిపి ఒక నిమిషం అక్కడ అదిమి పట్టుకుని, తర్వాత రుద్దండి. రంగు కరిగి గుడ్డకు ధారాళంగా అంటుకుంటే అది లాకర్, అంటే థిన్నర్ ఎగిరిపోతే చాలు ఆరిపోయే పాతకాలపు పెయింట్. పెయింట్ మెత్తబడి ముడతలు పడితే ఎనామెల్, అదీ పూర్తిగా గట్టిపడనిది. గుడ్డ తెల్లగానే ఉండి, మెరుపు కూడా తగ్గకపోతే ఫ్యాక్టరీలో కాల్చిన పెయింటో, హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపి కొట్టిన 2కే పెయింటో అనుకోవచ్చు. ఇంకో పరీక్ష కూడా చేయండి. కొద్దిగా రబ్బింగ్ కాంపౌండ్ తీసుకుని రుద్దితే గుడ్డకు బండి రంగు వచ్చిందా, అది పైన క్లియర్ (రంగులేని మెరుపు పూత) లేని సింగిల్ స్టేజ్ పెయింట్. రంగు రాలేదా, పైన క్లియర్ ఉంది.

ఇంత హడావిడి ఎందుకంటే లాకర్ ఎన్నేళ్లయినా తన థిన్నర్‌కు కరుగుతూనే ఉంటుంది. 1923లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో పేరుతో నైట్రోసెల్యులోజ్ లాకర్ తెచ్చినప్పుడు కార్ల పరిశ్రమకు అది పెద్ద వరం, ఎందుకంటే అంతకుముందు ఒక్క బండి పెయింట్ ఆరడానికే వారాలు పట్టేది. థిన్నర్ ఎగిరిపోగానే ఆరే ఆ గుణమే ఇప్పుడు మనకు చిక్కు. దాని మీద ఘాటైన థిన్నర్ ఉన్న పెయింట్ తడితడిగా పడితే కింది పొర ఉబ్బి, పైది ముడుచుకుపోతుంది. కింద రంగు పూత (బేస్ కోటు), పైన క్లియర్ వేసే పద్ధతి 1980ల తర్వాతే బాగా వ్యాపించింది కాబట్టి, అంతకంటే పాత బండి మీద క్లియర్ కనపడిందంటే దానికి మధ్యలో ఎప్పుడో పెయింట్ పడిందని అనుమానించాల్సిందే.

2. ఎంత వరకు గీకాలో తేల్చడం

ఈ నిర్ణయం మొత్తం బండికి కలిపి తీసుకోవద్దు. ఒక్కో ప్యానెల్‌కు విడిగా తీసుకోండి. కాగితం మీద బండి బొమ్మ గీసి, మందం అంకెలు, తుప్పు గుర్తులు, థిన్నర్ పరీక్ష ఫలితం ఏ ప్యానెల్‌వి ఆ ప్యానెల్ మీద రాసుకుంటే నిర్ణయం దానంతట అదే కనపడుతుంది.

ఫ్యాక్టరీ పెయింట్ ఒక్కటే ఉండి, గట్టిగా పట్టుకుని ఉంటే రేకు దాకా గీకడం వృథా, పైగా నష్టం. కంపెనీలో బాడీని తొట్టిలో ముంచి, కరెంటుతో పట్టించిన ఈ-కోట్ ప్రైమర్ రేకు మూలమూలకీ చేరి ఉంటుంది. దాన్ని తీసేసి షాపులో గన్‌తో అంత బాగా మళ్లీ వేయలేం. ఆ ప్యానెల్స్‌ని రుద్ది, దెబ్బలున్న చోట బాగుచేసి ముందుకు వెళ్లండి.

పెయింట్ సన్నటి పగుళ్లు తేరినా, అంచుల్లో పెచ్చులుగా లేస్తున్నా, లాకర్ అని తేలినా, మీటర్ 400 పైన చూపిస్తున్నా ఆ ప్యానెల్ రేకు దాకా వెళ్లాల్సిందే. పగుళ్ల మీద ప్రైమర్ కొట్టి నింపేస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది. నాలుగు ఎండలు తగిలాక అవే గీతలు, అవే చోట్ల పైకి తేలతాయి.

"పైపైన ఒక కోటు కొట్టేయండి మేస్త్రీ, అమ్మేసే బండే కదా" అనేవాళ్లు ఉంటారు. కొట్టొచ్చు. కానీ ఏయే చోట్ల లేస్తుందో ఆ కాగితం మీద చూపించి, ముందే చెప్పి కొట్టండి. ఆ తర్వాత వచ్చే గొడవల్లో సగం అక్కడే తీరిపోతాయి.

3. విప్పడం

బ్యాటరీ తీగ తీసేయండి. బంపర్లు, లైట్లు, గ్రిల్, హ్యాండిళ్లు, అద్దాల బీడింగ్, బ్యాడ్జీలు వీలైనంతవరకు విప్పేయండి. చుట్టూ టేప్ వేసి కొట్టిన పెయింట్ ఆ టేప్ అంచు దగ్గరే మొదట లేస్తుంది. ముందు, వెనక అద్దాలు తీయడం కష్టమే, పాత రబ్బరు చీలిపోవచ్చు కూడా. కొత్త రబ్బరు దొరుకుతుందని ఖాయం చేసుకున్నాకే పాతది తీయండి. కానీ తీయగలిగితే తప్పకుండా తీయండి, ఎందుకంటే తుప్పు ఎక్కువగా దాక్కునేది దాని కిందే.

బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోయొద్దు. ఒక్కో భాగానికి ఒక్కో కవరు, దాని మీద పేరు, విప్పక ముందు ఒక ఫోటో. తలుపులు, బానెట్ దించేటప్పుడు కీలు చుట్టూ సూదిలాంటి మొనతో గీత గీసుకుంటే, బిగించేటప్పుడు సందులు సరిచేయడానికి అంత తిప్పలు ఉండవు.

4. జిడ్డు తీయడం, అదీ రుద్దక ముందే

ఏళ్ల తరబడి పట్టిన పాలిష్, సిలికాన్, తారు మరకలు రేకు మీద ఉండగానే ఎమరీ పేపర్ పెడితే, ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. తర్వాత ఎంత తుడిచినా రాదు. పెయింట్ మీద చేపకన్నులాంటి గుంటలు పడేది దీనివల్లే.

రెండు గుడ్డలు తీసుకోండి. ఒకదాన్ని వాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్‌లో తడిపి చేయి అందేంత మేర తుడవండి. అది ఆరేలోపే పొడి గుడ్డతో తీసేయండి. ఆరిపోయాక తుడిస్తే జిడ్డు ఉన్నచోటే ఉంటుంది. గుడ్డలు తరచూ మార్చండి. అయిపోయాక కాస్త నీళ్లు చల్లి చూడండి. నీళ్లు పరదాలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డుంది. రుద్దడం అయ్యాక, ప్రతి కోటుకూ ముందు, ఇదే పని మళ్లీ చేయాలి.

5. మనిషి జాగ్రత్త

పాత బండ్ల పెయింట్‌లో సీసం ఉండొచ్చు. పాత ప్రైమర్లలో క్రోమేట్ కూడా. పొడిగా గీకేటప్పుడు దుమ్ము లాగేసే ఎక్స్‌ట్రాక్టర్, మంచి డస్ట్ మాస్కు తప్పనిసరి. ఆ బట్టలతోనే అన్నానికి కూర్చోవద్దు, ఇంటికి వెళ్లొద్దు.

అసలు ప్రమాదం హార్డెనర్‌ది. 2కే ప్రైమర్, క్లియర్ హార్డెనర్లలో ఐసోసైనేట్లు ఉంటాయి. పీల్చగా పీల్చగా అవి ఆస్తమా తెప్పిస్తాయి. ఒకసారి ఒంటికి పడనిదైపోతే ఆ తర్వాత కొద్దిపాటి ఆవిరి తగిలినా ఊపిరాడదు, ఆ పెయింటర్ పని మానేయాల్సిందే. వాటికి వాసన ఉండీ లేనట్టు ఉంటుంది కాబట్టి, "వాసన రావట్లేదు కదా" అన్నది లెక్కలోకి రాదు. గుడ్డ మాస్కు దండగ. బొగ్గు ఫిల్టర్ మాస్కు కూడా ఈ పనికి చాలదు. బయటి నుంచి శుభ్రమైన గాలి పైపుతో అందించే మాస్కు వాడాలి. చేతులకు నైట్రైల్ గ్లవ్స్, ఒంటికి సూటు. ఇవి లేని చోట 2కే కొట్టొద్దు.

6. గీకడం

మూడు పద్ధతులున్నాయి. డీఏ శాండర్ (తిరుగుతూ రుద్దే మెషిన్) మీద 80 నంబరు ఎమరీ (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) వేసి గీకడం నిదానమే కానీ అదుపులో ఉంటుంది. చిన్న షాపుకు అదే మేలు. ఒకేచోట ఆపి నొక్కితే రేకు వేడెక్కి వంగుతుంది, కదుపుతూ ఉండాలి.

కెమికల్ రిమూవర్ పెద్ద ప్యానెల్స్ మీద చకచకా పనిచేస్తుంది. రేకులు కలిసే అతుకుల దగ్గరికి మాత్రం రానివ్వొద్దు. రెండు మూడు అంగుళాలు వదిలేసి, ఆ భాగం చేత్తో గీకండి. అతుకులోకి దిగిన మందు కడిగినా రాదు, నెలల తర్వాత బయటికొచ్చి కొత్త పెయింట్‌ని లేపుతుంది.

ఇసుక బ్లాస్టింగ్ అంటే చాలామందికి మోజు. బానెట్, టాప్, తలుపుల లాంటి వెడల్పాటి పలుచటి రేకుల మీద అది చేయనివ్వొద్దు. రేణువులు ఒక్కోటి చిన్న సుత్తిదెబ్బలా పనిచేసి రేకు పైభాగాన్ని సాగదీస్తాయి, ప్యానెల్ అంతా అలలు తేలుతుంది. దాన్ని తిరిగి చదును చేయడం దాదాపు అయ్యే పని కాదు. కీలు, లోపలి ఫ్రేములు, చక్రాల వంపుల లోపలి భాగం వంటి మందపాటి చోట్లకైతే భేషుగ్గా ఉంటుంది.

రేకు బయటపడ్డాక గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. చెమట చాలు తుప్పు మొదలవడానికి. ఆ రోజు ఎన్ని ప్యానెల్స్‌కి ఎపాక్సీ ప్రైమర్ (రేకును తుప్పు నుంచి కాపాడే మొదటి పూత) వేయగలరో అన్నే గీకండి. రాత్రికి ఉత్త రేకుతో బండిని వదిలేయొద్దు.

7. తుప్పు, వెల్డింగ్

పైపై తుప్పును 80 నంబరుతో మెరిసే రేకు వచ్చేదాకా గీకితే చాలు. గుంటలు గుంటలుగా తిన్నచోట గుంట అడుగున నల్లటి చుక్కలు మిగులుతాయి. వాటికి ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉన్న మందు పూసి, డబ్బా మీద చెప్పినట్టు కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. ఆసిడ్ మిగిలిపోతే దాని మీద ఎపాక్సీ పట్టదు.

చిల్లు పడిన చోట ఫైబర్ మ్యాట్ అంటించి లప్పం రాయడం మోసమే. తుప్పు లోపలి వైపు నుంచి తింటూనే ఉంటుంది. మంచి రేకు తగిలేదాకా కోసేయండి, అదే మందం రేకు ముక్కను అదే ఆకారంలో తయారుచేసి మిగ్ వెల్డింగ్‌తో అతకండి. గీతలా ఏకబిగిన లాగొద్దు. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క దూరంగా ఎదుటి అంచు దగ్గర, మధ్యలో చల్లారనిస్తూ చుక్కలన్నీ కలిసేదాకా రావాలి. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు కార్పెట్లు, సీట్లు బయట పెట్టండి. పెట్రోలు ట్యాంకు, పైపుల దగ్గర పనైతే వాటినీ తీసేయండి. గ్రైండ్ చేశాక అతుకుల మీద ఎపాక్సీ, ఆ తర్వాత సీమ్ సీలర్ (అతుకు సందును మూసే పేస్టు).

8. సొట్టలు, లప్పం

సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) పని సరిగ్గా తెలిసినవాళ్లకు లప్పం తక్కువ ఖర్చవుతుంది. లోపలికి చేయి పోని చోట రేకుకు స్టడ్ (చిన్న మేకు) వెల్డింగ్‌తో అంటించి లాగండి. రేకు అసలు ఆకారానికి 2, 3 మిల్లీమీటర్ల లోపుకి వచ్చాకే లప్పం డబ్బా మూత తీయాలి. అంతకంటే మందంగా వేసిన లప్పం ఎండకీ కుదుపుకీ చిట్లుతుంది.

లప్పం 80 నంబరుతో గీకిన ఉత్త రేకు మీద వేయొచ్చు, ఆరిన ఎపాక్సీ ప్రైమర్‌ను గరుకు చేసి దాని మీద కూడా వేయొచ్చు. నా ఓటు రెండోదానికే, రేకు మధ్యలో ఎక్కడా గాలి తగలకుండా మూసి ఉంటుంది కనుక. ఆసిడ్ ఎచ్ ప్రైమర్ (ఆసిడ్‌తో రేకును పట్టుకునే ప్రైమర్) మీద మాత్రం వద్దు, ఆ ఆసిడ్ లప్పాన్ని సరిగ్గా గట్టిపడనివ్వదు.

హార్డెనర్ బరువులో దాదాపు 2 శాతం. డబ్బా మీద చెప్పిన లెక్కే అసలు లెక్క. త్వరగా ఆరాలని ఎక్కువ కలిపితే లప్పంలో మిగిలిపోయిన పెరాక్సైడ్ కొన్నాళ్లకు పైరంగులోకి ఎక్కి మరక తేలుస్తుంది. తక్కువైతే ఎన్ని రోజులైనా మెత్తగానే ఉంటుంది. కలిపేటప్పుడు గిలక్కొట్టొద్దు, బుడగలు చేరి తర్వాత సూదిబెజ్జాలవుతాయి. బ్లేడుతో మడిచి, నొక్కి, మళ్లీ మడుస్తూ ఒకే రంగు వచ్చేదాకా కలపండి. చేతిలో ఉండేది నాలుగైదు నిమిషాలే, కాబట్టి ఒకసారికి సరిపడా మాత్రమే. మొదటి పూత పలుచగా, గీతల్లోకి దిగేలా గట్టిగా అదిమి వేయాలి. ఎత్తు పెంచడం ఆ తర్వాతి పూతల్లో.

రుద్దేటప్పుడు చేత్తో పేపర్ పట్టుకుని రుద్దితే వేళ్ల కింద పల్లాలు పడతాయి. పొడవాటి బ్లాక్ వాడండి. 80తో ఆకారం తెచ్చి, 150, 240లతో గీతలు సన్నం చేయండి. బ్లాక్‌ను ఒకసారి కుడి ఏటవాలుగా, ఒకసారి ఎడమ ఏటవాలుగా నడపాలి. పైన గైడ్ కోటు నల్లపొడి రాస్తే, పల్లంలో నలుపు మిగిలి, మిట్టలో ముందు పోయి మీకు దారి చూపిస్తుంది. కన్ను పట్టుకోలేనిది చేయి పట్టుకుంటుంది. పలుచటి గుడ్డ మీదుగా అరచేతిని పూర్తిగా ఆనించి, బండి పొడవునా నడిపించండి. వేళ్ల కొసలతో కాదు, అరచేత్తో. బాగున్న రేకు మీద మొదలుపెట్టి, లప్పం మీదుగా వెళ్లి, అవతలి బాగున్న రేకు మీద ఆపాలి. ఎక్కడ లప్పం మొదలైందో చేతికి తెలియకపోతే అప్పుడు పని అయినట్టు.

లప్పాన్ని నీళ్లతో రుద్దడం చాలాచోట్ల అలవాటు. దుమ్ము లేవదు, పేపరు త్వరగా అరగదు, నిజమే. కానీ పాలిస్టర్ లప్పం నీటిని పీల్చుకుంటుంది. ఆ తడి ప్రైమర్ కింద చిక్కుకుని, ఎండలో పొక్కులుగా లేస్తుంది, రేకుకు తుప్పు పట్టిస్తుంది. ఎవరేమన్నా సరే, లప్పం పొడిగానే రుద్దండి.

9. ప్రైమర్

ఎపాక్సీ పని పట్టు, తుప్పు నుంచి కాపు. 2కే సర్ఫేసర్ పని చిన్న గీతలు నింపడం. ఒకటి రెండోదాని పని చేయదు. సర్ఫేసర్ రెండు మూడు కోట్లు, 1.6 నుంచి 2.0 మి.మీ. నాజిల్ గన్‌తో, కోటుకూ కోటుకూ మధ్య తడి మెరుపు పోయేదాకా ఆగి వేయాలి. తొందరపడి ఒకదాని మీద ఒకటి కుమ్మరిస్తే థిన్నర్ లోపలే ఇరుక్కుంటుంది. పెయింట్ వేసి, మెరుగు పెట్టి, బండి ఇచ్చేశాక ఆ థిన్నర్ నిదానంగా బయటికిపోయి ప్రైమర్ కుంగుతుంది. లప్పం అంచులు, పేపర్ గీతలు పైకి కనపడతాయి. రాత్రంతా ఆరనివ్వడం ఎప్పుడూ మంచిదే.

మళ్లీ గైడ్ కోటు, మళ్లీ బ్లాక్. 320తో మొదలుపెట్టి 400, ఆపైన 500 లేదా 600. మెటాలిక్, నలుపు రంగులకు 600, 800 దాకా వెళ్లండి, అవి గీతల్ని దాచవు. 180 నుంచి ఒక్కసారిగా 600కి దూకితే పాత గీతలు పోవు, పైన మెరుపు మాత్రం వచ్చి మోసం చేస్తుంది. రుద్దుతుండగా ఎక్కడైనా రేకు బయటపడితే ఆ చోటికి ఎపాక్సీ టచ్ ఇవ్వకుండా రంగు కొట్టొద్దు.

10. మూయడం

న్యూస్‌పేపర్ అందరిళ్లలో ఉంటుంది కానీ ఈ పనికి పనికిరాదు. పీచు రాలుతుంది, పెయింట్ ఇంకి అవతలికి దిగుతుంది. మాస్కింగ్ పేపర్, ప్లాస్టిక్ వాడండి. వంపుల దగ్గర ఫైన్‌లైన్ టేప్ (వంపుకు తగ్గట్టు సాగే సన్నటి టేప్). ప్యానెల్ మధ్యలో ప్రైమర్ ఆపాల్సి వస్తే పేపర్ అంచును వెనక్కి మడిచి అంటించండి. అలాగైతే అంచు మెట్టులా పడకుండా పలుచబడుతుంది.

11. రంగు కలపడం

పూర్తి బండికి వేస్తుంటే కలర్ కోడ్ ప్లేటు చూసి అసలు ఫార్ములా కలిపించండి. ఆ ప్లేటు తలుపు స్తంభం మీదో, బానెట్ కిందో ఉంటుంది. రెండు మూడు ప్యానెల్స్ మాత్రమే వేస్తుంటే ఆ కోడ్ సగం దారే చూపిస్తుంది. ఎండకు మాసిన బండికి కోడ్ ప్రకారం కలిపిన రంగు కొడితే ఆ ప్యానెల్ ఒక్కటే కొత్తగా వెలిగిపోతుంది. పక్క ప్యానెల్‌ను కాంపౌండ్‌తో మెరుగుపెట్టి, దాన్ని చూసి షేడ్ సరిచేయాలి.

డబ్బాలో చూసి రంగు ఒప్పుకోవద్దు. చిన్న కార్డు మీద బండికి కొట్టబోయే గన్‌తోనే, అన్నే కోట్లు, పైన క్లియర్ కూడా కొట్టి ఆరబెట్టండి. ఆ కార్డును బయట పగటి వెలుతురులో బండి పక్కన పెట్టి, ఎదురుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి చూడండి. ట్యూబ్‌లైటు కింద కలిసిన షేడ్ ఎండలో విడిపోవచ్చు. మెటాలిక్ అయితే అచ్చంగా కలవడం అరుదు. అందుకే పక్క ప్యానెల్‌లోకి రంగును పలుచగా జార్చుకుంటూ వెళ్లి, క్లియర్ మాత్రం ఆ ప్యానెల్ మొత్తానికి కొట్టాలి.

12. గన్ పట్టుకోవడం

కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదిలేయండి. లైనులో నీటినీ ఆయిల్‌నీ ఆపే ఫిల్టర్ ఉండాలి. బూత్ (పెయింట్ కొట్టే గది) గోడలు తుడిచి, నేల కాస్త తడపండి. ఫ్యాన్ పనిచేస్తుండాలి, దగ్గర్లో నిప్పురవ్వ కూడా ఉండకూడదు. దాదాపు 20 నుంచి 25 డిగ్రీల వేడి అనువైనది. ఎండ కాస్తున్న రోజుల్లో నిదానంగా ఆరే థిన్నర్, చలిలో వేగంగా ఆరేది వాడండి.

బేస్ కోటుకూ క్లియర్‌కూ 1.3 లేదా 1.4 మి.మీ. నాజిల్ చాలు. హెచ్‌వీఎల్‌పీ గన్‌కు (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వదిలే రకం) ట్రిగ్గర్ నొక్కి ఉండగా గన్ దగ్గర 2 బార్, అంటే 29 పీఎస్ఐ, మంచి మొదలు. ముందు గోడకు అంటించిన పేపర్ మీద కొట్టి చూడండి. గన్ చిమ్మే పెయింట్ ఆకారం పైనా కిందా సమానంగా రావాలి. రేకుకు 15 నుంచి 20 సెం.మీ. దూరం, గన్ రేకుకు నిటారుగా. మణికట్టు తిప్పితే మధ్యలో మందంగా, చివర్లో పలుచగా పడుతుంది, భుజంతో కదలాలి. అంచు రాకముందే ట్రిగ్గర్ నొక్కి, అంచు దాటాకే వదలండి. ఒక వరుస మీద తర్వాతి వరుస కనీసం సగం ఎక్కాలి. తలుపుల లోపలి అంచులు ముందు, ఆ తర్వాత టాప్, అక్కడి నుంచి కిందికి దిగుతూ బండి చుట్టూ.

బేస్ కోటు మెరవాల్సిన పనిలేదు. రెండు మూడు మధ్యస్థపు కోట్లు, ప్రతిదీ మ్యాట్‌గా ఆరాక ఇంకోటి. మెటాలిక్‌కు చివర్లో గన్ కొంచెం దూరం జరిపి ఒక పొడి కోటు కొడితే మచ్చలు, చారలు కలిసిపోతాయి. ట్యాక్ క్లాత్‌తో (దుమ్మును పట్టుకునే జిగట గుడ్డ) మెల్లగా తుడిచి, డబ్బా మీద ఉన్న గడువులోపు క్లియర్ ఎక్కించండి. క్లియర్ రెండు కోట్లు, ఆరాక మొత్తం 50, 60 మైక్రాన్లు. మొదటిది మామూలు తడి, రెండోది నిండు తడి.

కొడుతుండగా గుంటలు, అదే ఫిష్ ఐ, కనపడితే అక్కడికక్కడే ఆపండి. దాని మీదే ఇంకో తడి కోటు వేస్తే పెద్దదవుతుంది. ఆరనిచ్చి, రుద్ది, జిడ్డు తీసి మళ్లీ మొదలుపెట్టడమే పద్ధతి. ఫిష్ ఐ మందు పేరుతో అమ్మేది చాలావరకు సిలికానే. ఒక బండిలో కలిపితే గన్, బూత్, పక్కన ఉన్న బండి అన్నీ పాడవుతాయి. పెయింట్ జారితే తడి మీద వేలు పెట్టొద్దు. పూర్తిగా గట్టిపడ్డాక బ్లాక్‌తో కోసేస్తే పోతుంది. సన్నటి బుడగలు తేలాయంటే కోట్ల మధ్య ఆగలేదని అర్థం.

13. కాల్చడం, మెరుగు, బిగింపు

బూత్‌లో హీటర్ ఉంటే రేకు వేడి 60 డిగ్రీలకు చేరాక అరగంట. గాలి వేడి కాదు, రేకు వేడి. పాత బండిలో ప్లాస్టిక్, వైరింగ్ పెళుసుగా ఉంటాయి, బ్యాటరీ, గ్యాస్ సిలిండర్ లాంటివి లోపల ఉండకూడదు. హీటర్ లేకపోతే కంపెనీ చెప్పినన్ని గంటలు ఓపిక పట్టడమే.

దుమ్ము గింజలు, నారింజ తొక్కలాంటి గరుకు ఉన్నచోట 1500, 2000, 3000 వాటర్ పేపర్లతో వరుసగా రుద్ది, కాంపౌండ్, ఆపైన పాలిష్. మలుపు గీతల మీద, అంచుల మీద క్లియర్ పలుచగా ఉంటుంది. వాటికి ముందే టేప్ వేసి, మెషిన్ పూర్తయ్యాక టేప్ తీసి, ఆ గీతను చేత్తో తేలిగ్గా అందుకోండి. మందం మీటర్ మళ్లీ పనికొచ్చేది ఇక్కడే.

బిగింపులో కొత్త క్లిప్పులు, కొత్త రబ్బర్లు వాడండి. పాతవాటిలో ఇరుక్కున్న ఇసుక వల్ల గీతలు మొదటి రోజే పడతాయి. తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు సీలర్‌తోనో ప్రైమర్‌తోనో మూసుకుపోయాయేమో వైరు గుచ్చి చూసుకోండి. తర్వాత సిల్, తలుపుల లోపల క్యావిటీ వాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు రాకుండా కొట్టే మైనం) కొట్టండి. వెల్డింగ్ చేసిన చోట లోపలి వైపు కాపు ఇదొక్కటే.

బండి ఇచ్చేటప్పుడు మొదటి నెలా రెండు నెలలు వాక్స్ రాయొద్దని చెప్పండి. పెయింట్‌లో మిగిలిన థిన్నర్ బయటికి పోవాలి. పక్షి రెట్ట పడితే వెంటనే నీళ్లతో కడుక్కోమనండి. తలుపుల అడుగు రంధ్రాల్లోంచి క్యావిటీ వాక్స్ రెండు మూడు రోజులు చుక్కలు చుక్కలుగా కారుతుందని కూడా ముందే చెప్పాలి. లేదంటే ఇంట్లో నేల మీద మరక చూసి, ఆయిల్ లీకవుతోందని టెన్షన్ పడి ఫోన్ చేస్తారు.